ట్రక్కు వెనక లైట్లకు తలకిందుల వైద్యం

వరికోతలై నూర్పిళ్ళు మొదలైతే బందరు, గుడివాడ, అవనిగడ్డ రోడ్ల మీద రాత్రిళ్ళు ధాన్యం ట్రాక్టర్లదే రాజ్యం. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో మంచు దిగితే కాలువ గట్టు మీద ముందున్న బండి కనపడదు. వెనక మోటారు సైకిలు మీద వచ్చే మనిషికి ట్రాక్టరుకు తగిలించిన మన ట్రక్కు ఎర్ర లైట్లే దిక్కు. వాటి గురించి ఇక్కడ చెప్పే సలహాలు వినగానే తప్పుగా తోస్తాయి. కానీ ఉప్పుగాలి తగిలే మన నేలలో నిలబడేవి ఇవే.

1. ఆరిపోయిన బల్బును ముట్టుకోకండి

లైటు ఆరగానే అందరి చెయ్యీ బల్బు మీదికే పోతుంది. ముందు ఎర్తు చూడండి. ఎర్తు వైరు లేని ట్రక్కులో కరెంటు చాసిస్‌లోంచి, హుక్కు పిన్నులోంచి ట్రాక్టరుకు తిరిగి వెళ్ళాలి. అక్కడ ఉండేది గ్రీజు, రంగు, తుప్పు. ఇండికేటరు కొట్టుకున్నప్పుడల్లా టెయిల్ లైటు మినుకుమన్నా, గతుకుల్లో ఆరి మళ్ళీ వెలిగినా ముందు అనుమానించాల్సింది ఎర్తునే.

లెక్క చూడండి. బ్రేకు బల్బు ఒక్కోటి 21 వాట్లు. 12 వోల్టుల మీద రెండూ కలిసి 3.5 ఆంపియర్లు లాగుతాయి. దారిలో తుప్పు ఒక్క ఓమ్ అడ్డం పడితే బల్బులకు సుమారు 9 వోల్టులే అందుతాయి, వెలుగు సగానికన్నా తగ్గుతుంది. ఏడు పిన్నుల సాకెట్టులో ఎర్తుకంటూ ఒక పిన్ను ఉంది. అక్కణ్ణుంచి రెండు లైట్లకూ వైరు లాగండి. కార్ల వెనక కారవాన్లు కట్టుకు తిరిగే యూరప్‌లో 13 పిన్నుల సాకెట్టు పెట్టి, లైట్ల ఎర్తును మిగతా ఎర్తుల నుంచి విడదీశారు. ఎర్తు విషయంలో వాళ్ళు అంత జాగ్రత్త పడతారు.

2. మీటరు 12 చూపిస్తే నమ్మకండి

మల్టీమీటరు లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. పోగులన్నీ తెగి ఒక్కటి మిగిలినా అది 12 చూపిస్తుంది. మంచి 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు అతికించి, లైటు దగ్గరున్న కరెంటు వైరుకూ ఎర్తుకూ తగిలించండి. నిండుగా వెలిగితే వైరింగు బాగున్నట్టే, బల్బూ హోల్డరూ చూసుకోవాలి. మసగ్గా ఉంటే ట్రాక్టరు వైపు ఒక్కో అతుకూ పరీక్షిస్తూ పోండి.

3. బాగున్నట్టు కనిపించే వైరును కోసెయ్యండి

చిలుము పట్టిన కొసను ఉప్పుకాగితంతో రుద్ది బిగిస్తే ఆ పూటకు వెలుగుతుంది. కానీ ఉప్పునీరు పోగుల సందుల్లోంచి లోపలికి పాకుతుంది. తొడుగు నిగనిగలాడుతున్నా లోపల రాగి నల్లబడి ఉంటుంది. ఆ నలుపుకు సోల్డరు అంటదు. ఎర్రటి రాగి కనపడేదాకా కొయ్యండి. జానెడు కోసినా నలుపే అయితే వైరు మొత్తం మార్చండి. తగరం పూత ఉన్న రాగి వైరు దొరికితే అదే వేయించండి. ఉప్పునీటిలో తిరిగే పడవలకు వాడేది అదే.

4. నల్ల టేపు పీకెయ్యండి

వైర్లు మెలిపెట్టి టేపు చుడితే నీరు ఆగదు, లోపలే నిలుస్తుంది. అతుకు గట్టిగా వేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు తొడగండి.

5. లైటు డబ్బాకు చిల్లు పెట్టండి

చుట్టూ ఎంసీల్ పూసినా తేమ చేరుతుంది. పగటి వేడికి డబ్బాలో గాలి బయటికి పోతుంది, రాత్రి చల్లబడగానే తేమగాలిని లోపలికి లాగుతుంది. పైనా పక్కలా మూసి, అన్నిటికన్నా కింద సన్నని చిల్లు ఉంచండి.

6. లైట్ల మీద నీళ్ళు పొయ్యండి

నాగాయలంక, కోడూరు చెరువుల నుంచి రొయ్యలు తెచ్చినా, గిలకలదిండి హార్బరు నుంచి చేపలు తెచ్చినా ట్రేల నీరు వెనక్కే కారుతుంది. నీరు ఆరినా ఉప్పు మిగులుతుంది. అది గాలిలో తేమ పీల్చుకుంటూ లోహాన్ని తింటూనే ఉంటుంది. లోడు దించగానే మంచినీళ్ళు ధారగా పోసి కడగండి. సముద్రం పక్క బోరునీరే ఉప్పన, కాబట్టి కాలువ నీళ్ళు వాడండి. ఆరాక పిన్నులకు పల్చగా వాజలైను రాయండి.

7. ఫ్యూజు పోతే అది మేలనుకోండి

తొడుగు ఊడిన వైరు ఎక్కడో చాసిస్‌కు తగులుతోందని ఫ్యూజు చెబుతోంది. సిగరెట్టు పెట్టె రేకు చుట్టినా, పెద్ద ఫ్యూజు వేసినా ఆ మాట వినపడకుండా చేసినట్టే. అప్పుడు కాలేది వైరు. పైన ఉన్నది ఎండు వరిగడ్డి అయితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

8. లైట్లు బాగున్నా, లేవనే అనుకోండి

ట్రాక్టరు నుంచి విప్పి రోడ్డు వార నిలిపిన ట్రక్కుకు కరెంటే ఉండదు. ఎంత మంచి వైరింగైనా అప్పుడు వెలగదు. వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. వాటికి తోడు తలుపు రెండు అంచులకూ రిఫ్లెక్టర్ టేపు అంటించి, బురద తుడుస్తూ ఉండండి. గడ్డి వాటి మీదికి వేలాడనీయకండి.

చివరి మాట. డ్రైవరుకు తన వెనక లైటు కనపడదు. బస్తాలెత్తిన వాళ్ళలో ఒకరిని వెనక నిలబెట్టి బ్రేకు తొక్కండి, రెండు ఇండికేటర్లూ వెయ్యండి, వెలిగిందో లేదో కేకేసి చెప్పమనండి. మిల్లులో వంతు పోతే పోనివ్వండి. అన్నీ వెలిగాయన్న మాట వినపడేదాకా బండి కదలకూడదు.