మా రోజుల్లో ఎక్స్‌ఛేంజీ నిజం చెప్పేది

మా రోజుల్లో కాల్ కలవకపోతే ఎందుకు కలవలేదో ఎక్స్‌ఛేంజీ చెప్పేది. ఇప్పుడు మేముండే బెంగళూరు సర్జాపురలో ఏ మేడెక్కి చూసినా నాలుగు దిక్కులా టవర్లే. ఫోను మీద గీతలు నిండుగా ఉంటాయి. అయినా మా అబ్బాయి ఆఫీసు నుంచి చేస్తే "మీరు సంప్రదించాలనుకున్న వ్యక్తి ఫోన్ స్విచ్ ఆఫ్ చేసి ఉంది" అని రికార్డు పలుకుతుంది. ఆ ఫోను వెలుగుతూ నా జేబులోనే ఉంటుంది. లైన్లు ఖాళీ లేవా, టవరు పనిచేయడం లేదా, నేనే కట్టేశానా? అన్నిటికీ ఒకటే పాట. టెలికాం శాఖలో జీవితమంతా గడిపినవాడికి ఇది ఒళ్లు మండించే సంగతి.

స్ట్రౌజర్ ఎక్స్‌ఛేంజీల కాలంలో సుఖముందని నేననను. డయల్ మీద ఏడు తిప్పితే ఏడు పల్సులు, సున్నాకి పది. ఆ లెక్క ప్రకారం స్విచ్ టకటకా మెట్లెక్కేది. పై ఊరికి మాట్లాడాలంటే ట్రంకు కాల్ బుక్ చేసి గంటలకొద్దీ కూర్చోవాలి. తొందరైతే అర్జంటు, ప్రాణం మీదికొస్తే లైట్నింగు. నేరుగా డయల్ చేసుకునే ఎస్టీడీ 1960లో లక్నో–కాన్పూర్ మధ్య మొదలైనా మన ఊళ్లదాకా రావడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. కష్టమే. కానీ ఎంగేజ్ టోన్ వచ్చిందంటే చాలావరకు అవతలివాళ్లు నిజంగానే మాట్లాడుతున్నారని అర్థం.

తర్వాత ఎక్స్‌ఛేంజీలు తమలో తాము టోన్లతో మాట్లాడుకునే పద్ధతి వచ్చింది. ఆర్2 అనేవాళ్లం. ఒక్కో అంకెకు ఆరు ఫ్రీక్వెన్సీల్లోంచి రెండు కలిపి పంపాలి. అవతలి ఎక్స్‌ఛేంజీ "అందింది, తర్వాతి అంకె పంపు" అని తన టోన్‌తో జవాబిచ్చేదాకా ఇవతలిది తన టోన్ ఆపకూడదు. టెస్ట్ హ్యాండ్‌సెట్ తగిలించి వింటే కీచురాళ్ల సంవాదంలా ఉండేది. మాటకు జవాబు లేనిదే అడుగు ముందుకు పడేది కాదు.

అయితే మాట వెళ్లే దారిలోనే సంకేతమూ వెళ్తే మోసానికి సందు దొరుకుతుంది. అమెరికాలో కొందరు 2600 హెర్ట్జ్ ఈలతో ఎక్స్‌ఛేంజీని బురిడీ కొట్టించి ఉచితంగా మాట్లాడుకున్నారు. అందుకే సంకేతాలకు వేరే దారి వేశారు. అంతర్జాతీయ టెలికాం ప్రమాణాల సంఘం సీసీఐటీటీ 1980లో ప్రమాణంగా ప్రకటించిన ఆ పద్ధతే సీసీఎస్7. పీసీఎం అనే డిజిటల్ లైనులో 32 స్లాట్లుంటాయి. 30 మాటలకు, ఒకటి సింక్రనైజేషన్‌కు, సాధారణంగా పదహారోది సిగ్నలింగ్‌కు. ప్రతి ఎక్స్‌ఛేంజీకీ పాయింట్ కోడ్ అనే చిరునామా ఉంటుంది. నంబరు మోసుకొని ఐఏఎం అనే సందేశం వెళ్తుంది, నంబరు పూర్తిగా అందిందని ఏసీఎం తిరిగొస్తుంది, ఎత్తగానే ఏఎన్ఎం వస్తుంది. ఆ ఏఎన్ఎం వచ్చాకే మీటరు తిరగాలి. పెట్టేస్తే రిలీజ్ సందేశం, దానికో జవాబు, అప్పుడు లైను ఖాళీ. చెప్పేదేమీ లేనప్పుడు కూడా లింకు ఊరుకోదు, "నేనున్నాను" అని ఖాళీ సందేశాలు పంపుతూనే ఉంటుంది. తప్పులు హద్దు మీరితే తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది.

రిలీజ్‌లో కారణం కూడా అంకెగా రాసి ఉంటుంది. 16 అంటే మామూలుగా పెట్టేశారు, 17 అంటే ఎంగేజ్, 1 అంటే ఆ నంబరే లేదు, 34 అంటే లైన్లు ఖాళీ లేవు. అంత వివరంగా నెట్‌వర్కుకు తెలిసిన నిజాన్ని జనం చెవిదాకా రానివ్వకపోవడం ఎవరి సౌకర్యం కోసం?

ఇంతకంటే పెద్ద బాధ ఇంకోటుంది. తెర మీద కనిపించే నంబరునే నమ్మలేం. ఒకప్పుడు ఇలా కాదు. ఇక్కడికి దగ్గర్లోనే ఎలక్ట్రానిక్స్ సిటీలో ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ ఉంది. 1984లో పుట్టిన ఆ సంస్థ ఏసీ గది అక్కర్లేని 128 పోర్టుల గ్రామీణ ఎక్స్‌ఛేంజీని తయారుచేస్తే, 1986లో మొదటిది కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. అలాంటి ఎక్స్‌ఛేంజీలో పిలిచేవాడి నంబరు ఏదో వాడు చెప్పనక్కర్లేదు, వాడి తీగ చెప్పేది. సీసీఎస్7 రాసినవాళ్లు కూడా ఈ లింకుల మీద ఉండేది బాధ్యతగల టెలిఫోన్ శాఖలేనని నమ్మి, పంపినవాడు ఎవరో రుజువడిగే ఏర్పాటు పెట్టలేదు. తర్వాత లెక్కలేనన్ని కంపెనీలు ఆ నెట్‌వర్కులోకి వచ్చాయి, ఇంటర్నెట్ గేట్‌వేలు చేరాయి. నమ్మకం మాత్రం పాతదే మిగిలింది. ఇవతలి గేట్‌వే ఏ నంబరు రాసి పంపితే అవతలివాళ్లు చాలాసార్లు దాన్నే తెర మీద చూపిస్తారు. 2017లో జర్మనీలో దొంగలు ఈ సిగ్నలింగ్ దారిలోంచే బ్యాంకు ఎస్సెమ్మెస్‌లను తమవైపు మళ్లించుకొని ఖాతాలు ఖాళీ చేశారు. మన దేశంలో విదేశాల నుంచి +91 వేషం వేసుకొచ్చే కాల్స్‌ను ఆపడానికి 2024 అక్టోబరులో కేంద్రం ఒక వ్యవస్థ పెట్టింది. మంచిదే, కానీ ఎన్నేళ్లు ఆలస్యం!

గుంటూరు, అనంతపురం, కర్నూలు నుంచి వచ్చి ఈ సర్జాపుర రోడ్డు మీద కాపురాలున్న ఇంజనీరు పిల్లలకు నాదొక్కటే మాట. సిప్ అనండి, డయామీటర్ అనండి, కొత్త ప్రోటోకాల్స్ రాసే చేతులు మీవి. వేగం తర్వాత చూసుకోవచ్చు. ముందు పిలిచేవాడెవడో రుజువు అడగండి, కాల్ ఎందుకు తెగిందో నిజం చెప్పించండి. పెద్దవాళ్లకూ ఒక మాట. పోలీసులమనో బ్యాంకువాళ్లమనో ఫోనొస్తే తెర మీది నంబరు చూసి నమ్మకండి. పెట్టేసి, పాసుపుస్తకం మీదున్న నంబరుకు మీరే చేయండి. డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోక వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.