ఆకలెయ్యని సైన్యం

మన చారిత్రక నవలల్లో, సినిమాల్లో ఒక కోట పడిపోవడానికి పట్టే సమయం ఒక పాట, ఒక ఫైటు. సాయంత్రానికి శత్రుసేన గుడారాలు వేస్తుంది. రాత్రి సేనాపతి వెన్నెల్లో నిలబడి ప్రేయసిని తలుచుకుంటాడు. తెల్లారేసరికి కథానాయకుడు కత్తి నోట కరుచుకుని, తాడు పట్టుకుని బురుజెక్కేస్తాడు. పొద్దు నడినెత్తికి రాకముందే జెండా మారిపోతుంది. 'బాహుబలి' రెండో భాగంలో తాటిచెట్లు వంచి, డాళ్లు చుట్టుకున్న సైనికుల్ని గోడ అవతలికి విసిరారు. దానికి నేనేమీ అనను. అది కల్పిత రాజ్యం, అక్కడి తాటిచెట్లు ఎంత వంగాలో అక్కడి దర్శకుడి ఇష్టం. నా గొడవంతా ముందుమాటలో "చరిత్రను ఎంతో పరిశోధించి" అని నమ్మబలికి, పదో పేజీ నుంచి మనల్నీ ఆ తాటిచెట్టే ఎక్కించేవాళ్లతో.

పరిశోధించారట! అయితే గోల్కొండ దాకా పోయి వద్దాం.

1687 జనవరి నెలాఖరున ఔరంగజేబు గోల్కొండ ముందు దిగాడు. కోట చేజిక్కింది సెప్టెంబరులో. నడుమ ఎనిమిది నెలలు ఏం చేశారు? తవ్వారు, మోశారు, పూడ్చారు, తడిశారు, పస్తులున్నారు. కందకం పూడ్చడానికి మట్టి నింపే గుడ్డసంచులు కావాలి. అరవై ఎనిమిదేళ్ల పాదుషా వజూ చేసుకుని కూర్చుని మొదటి సంచి తన చేత్తోనే కుట్టాడని అప్పటివాళ్లు రాసిపెట్టారు. హిందుస్థాన్ చక్రవర్తి సూదీ దారం పట్టిన ఇంత మంచి సీను ఏ స్క్రీన్‌ప్లే రచయిత కంటా పడలేదు. కుట్టుపనికి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కుదరదు కాబోలు.

నిచ్చెనల ముచ్చట కూడా తీరింది. ఒక రాత్రి పాదుషా సేనాపతి ఫిరోజ్ జంగ్ మనుషులు చడీచప్పుడు లేకుండా గోడెక్కారు. ఇద్దరో ముగ్గురో పైకి చేరగానే ఒకాయన ఆగలేక పాదుషా దగ్గరికి పరుగెత్తి గెలిచేశామని చెప్పాడు. శిబిరంలో నగారాలు మోగాయి. ఇటు గోడమీద ఒక ఊరకుక్క ఉంది. కందకంలో పడున్న శవాల దగ్గరికి దిగే దారి వెతుక్కుంటూ, కొత్త మొహాలు కనబడేసరికి మొరిగింది. కాపలావాళ్లు లేచారు, నిచ్చెనలు తోసేశారు, ఎక్కినవాళ్లను నరికేశారు. గోల్కొండ సుల్తాను తానీషా ఆ కుక్కకు బంగారు గొలుసు, రాళ్లు పొదిగిన పట్టెడ చేయించి తన దగ్గరే కట్టేయించుకున్నాడని చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. ముట్టడి మొత్తంలో ఒంటిచేత్తో, అంటే ఒంటినోటితో, కోటను కాపాడిన వీరుడు ఎవడయ్యా అంటే అదే. నవలలో అయితే ఆ కుక్క మొరగదు. రచయిత మొరగనివ్వడు.

జూన్‌లో సొరంగాలు తవ్వి మందు కూరారు. లోపలివాళ్లు అటునుంచి ఎదురు తవ్వి మందు లాగేశారు, మిగిలినచోట నీళ్లు పోశారు. పాదుషా సైన్యం గోడ కూలగానే దూసుకుపోవాలని బారులు తీరి నిలబడింది. నిప్పంటించారు. మందు ఇటే పేలింది. రాళ్లూ మట్టీ ఎగిరొచ్చి సొంత సైన్యం మీదే పడ్డాయి. ఒక్క దెబ్బకు వెయ్యిమందికి పైగా పోయారని లెక్క. ఆ పొగలో లోపలివాళ్లు బయటికొచ్చి బతికున్నవాళ్ల పని పట్టారు. ఇది సినిమాగా తీస్తే పేలుడు తప్పకుండా ఉంటుంది. మంటల ముందు కథానాయకుడు వెనక్కి చూడకుండా నడిచొస్తాడు. మందు తడిసిపోవడమన్నది మాత్రం జరగదు.

ఆపైన వానలు. మంజీర పొంగి దారులు మూసుకుపోయాయి, ధాన్యం రావడం ఆగిపోయింది. పోయినేడు పంటలు సరిగా లేవు, ఉన్నదాన్ని యుద్ధం తినేసింది. శిబిరంలో డబ్బున్నవాడికీ గింజ దొరకలేదు. రాత్రి చచ్చినవాళ్లను పొద్దున్నే ఈడ్చుకెళ్లి పారేసేవారు, సాయంత్రానికి మళ్లీ అన్నే శవాలు. మన నవలల్లో ధాన్యానికి దక్కేది ఒకే ఒక్క వాక్యం. మంత్రి చేతులు కట్టుకుని "ప్రభూ, కోటలో మూడేళ్లకు సరిపడా ధాన్యముంది" అంటాడు. అంతే, నాలుగొందల పేజీల్లో ఎవడికీ ఆకలెయ్యదు. గుర్రాల సంగతి మరీ ఘోరం. సైనికుడి గుర్రానికి పూటకింత ఉలవలు పడాలి, గడ్డి పడాలి, నీళ్లు పట్టాలి, లద్దె ఎత్తాలి. మన గుర్రాలు సకిలించడం తప్ప మరే పనీ చెయ్యవు. ఎద్దుల బారుల మీద వందల మైళ్లు ధాన్యం తోలుకొచ్చి మొగలు సైన్యాలకు అన్నం పెట్టిన బంజారాల మనవలు ఈవేళ తెలంగాణలో తండా తండాలోనూ ఉన్నారు. ఒక్క నవలలోనైనా వాళ్ల ఎద్దు గంట మోగితే బాగుండేది.

మన నవలల్లో సైనికుడికి ఉన్న పనులు రెండు: జయజయధ్వానాలు చెయ్యడం, చావడం. జీతం అడగడు. చెప్పు తెగదు. విరేచనాలు పట్టుకోవు. రాయచూరు దగ్గర 1520లో కృష్ణదేవరాయల దండు ఎలా ఉండేదో పోర్చుగీసువాడు నూనిజ్ రాశాడు. దారిలో ఎవడూ దాహంతో పోకూడదని తోలుతిత్తులతో పది పన్నెండు వేలమంది నీళ్లమనుషులు, వాళ్ల వెనక లెక్కలేనంతమంది చాకళ్లు, ఒక నగరమే నడిచొచ్చినట్టు అంగళ్లు. ఆ ముట్టడిలో గోడరాళ్లు పెకలించి తెచ్చినవాడికి రాయి సైజును బట్టి పది నుంచి యాభై పణాల దాకా ఇచ్చేవారట. చూశారా, పీసు రేటు! పైనుంచి తుపాకులు పేలుతుంటే గోడకింద కూర్చుని, ఈ రాయి ఇరవైది, ఆ పక్కది నలభైది అని లెక్కేసుకునే కుర్రాడి మనసులో ఏముందో రాయగల నవలాకారుడి కోసం నేను ఎదురు చూస్తున్నాను. మనవాళ్లు మాత్రం వాడిచేత "మాతృభూమి కోసం" అనిపించి, వెంటనే ఒక బాణం దించేస్తారు.

ఓరుగల్లు కథ ఇంకా అన్యాయం. ఢిల్లీ సుల్తాన్ కొడుకు ఉలుగ్ ఖాన్ వేసిన మొదటి ముట్టడి చెదరడానికి పెద్ద కారణం ఢిల్లీ టపా. నెలకు పైగా ఉత్తరాలు రాలేదు, సుల్తాన్ చచ్చిపోయాడని శిబిరంలో పుకారు లేచింది, సర్దారులు ఎవరి దారిన వాళ్లు మూటాముల్లె సర్దారు. కాకతీయ వీరుల మీద రాసిన ఏ పద్యనాటకంలోనైనా టపా బంట్రోతుకు ఒక పాత్ర ఉందా? 1323లో వాళ్లు మళ్లీ వచ్చారు, ఈసారి పుకార్లు రాలేదు, కోట పోయింది.

"ఆకలీ మురికీ రాస్తే ఎవరు చదువుతారండీ, జనానికి వీరరసం కావాలి" అని మీరంటారు, నాకు తెలుసు. గోల్కొండ ముట్టడి మీద నేమత్ ఖాన్ ఆలీ ఒక హాస్యగ్రంథం రాసి చదివేవాళ్లను నవ్వించాడు. ఎక్కడ కూర్చుని? సాక్షాత్తూ ఔరంగజేబు శిబిరంలోనే, ఆ ముట్టడి వేస్తున్నవాళ్ల పక్కనే కూర్చుని. ఆయన్నే తర్వాత పాదుషా వంటశాలకు అధికారిగా వేశారు. ఆకలి సంగతి రాసినవాడికి వంటశాల అప్పగించడంలో న్యాయముంది. మన రచయితలకు ఆ భయం లేదు.

చివరికి గోల్కొండ పడింది ఎలాగంటే, లోపలి సర్దారు అబ్దుల్లా ఖాన్ పనీ లంచం పుచ్చుకుని రాత్రివేళ తలుపు తీశాడు. ఈ కథ చెప్తే నిర్మాత అడిగే మొదటి ప్రశ్న, "మరి హీరో?"

ఉన్నాడు బాబూ. తానీషా సర్దారు అబ్దుర్ రజాక్ లారీ. ఔరంగజేబు ఆశపెట్టి పంపిన ఫర్మానాను తన మనుషులందరి ముందూ చింపి పారేశాడు. తలుపు తెరుచుకున్న రాత్రి జీను కూడా లేని గుర్రమెక్కి, పదీ పన్నెండుమందితో శత్రువుల మధ్యకు దూకాడు. మొహం నుంచి కాళ్లదాకా తెగిపోయి ఒక కొబ్బరిచెట్టు దగ్గర పడిపోయాడు. వైద్యులు లెక్కపెడితే డెబ్బై దాకా గాయాలు తేలాయి. ఇంతవరకూ మన రచయితకు పండగే. చిక్కంతా ఆ తర్వాత. ఔరంగజేబు పంపిన వైద్యులు కుట్లు వేశారు, లారీ కోలుకున్నాడు, మొదట కొలువు వద్దన్నాడు, కొన్నాళ్లకు ఆ ఔరంగజేబు కొలువులోనే చేరాడు. ఇది మన రచయితకు పనికిరాదు. డెబ్బై గాయాలకు చావని మనిషిని క్లైమాక్సు కోసం ఆయన చంపి తీరతాడు.