రెండు దారుల గొట్టం కథ

ఇది ఆపరేషన్ థియేటర్‌లో వాడే ఒక గొట్టం కథ. ఒకే ఒంట్లో రెండు గాలిదారులు ఉండటం వల్ల మత్తు వైద్యులు దీనిని డబుల్ ల్యూమెన్ ట్యూబ్ అంటారు. ఛాతీ శస్త్రచికిత్సలో ఒక ఊపిరితిత్తికి గాలి ఆపి, రెండోదానితోనే రోగికి శ్వాస నడిపించడం దీని పని. స్వీడన్ వైద్యుడు ఎరిక్ కార్లెన్స్ 1949లో దీని పూర్వీకుణ్ణి రూపొందించింది రెండు ఊపిరితిత్తుల పనితీరును విడివిడిగా కొలవడానికి. వాయునాళం రెండుగా చీలే చోట తగులుకునేందుకు దానికొక కొక్కెం ఉండేది. 1962లో ఇంగ్లండులో రాబర్ట్‌షా ఆ కొక్కేన్ని తీసేసి, గాలిదారులను వెడల్పు చేసి, కుడికీ ఎడమకూ వేర్వేరు గొట్టాలు తయారుచేశాడు.

వేర్వేరు గొట్టాలు అవసరం కావడానికి కారణం శరీర నిర్మాణంలోనే ఉంది. ఎడమ ప్రధాన శ్వాసనాళం సుమారు 5 సెంటీమీటర్లు సాగాకే చీలుతుంది. కుడిదాని నుంచి మాత్రం దాదాపు 2 సెంటీమీటర్లకే పై తమ్మెకు, అంటే ఊపిరితిత్తి పై భాగానికి, శాఖ విడిపోతుంది. కుడి గొట్టానికి పక్కన పెట్టిన రంధ్రం సరిగ్గా ఆ శాఖ ముఖానికి ఎదురుగా రాకపోతే పై తమ్మె గాలి అందక ముడుచుకుపోయి, రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. అందుకే వీలైనంతవరకు వైద్యులు ఎడమ గొట్టాన్నే ఎంచుకుంటారు.

అయితే కొద్దిమందిలో కుడి పై తమ్మె శాఖ చీలికకు ఎగువనే, నేరుగా వాయునాళం నుంచి పుడుతుంది. దీనిని ట్రాకియల్ బ్రాంకస్ అంటారు. అలాంటి రోగిలో కుడి గొట్టాన్ని ఎంత ఓపికగా తిప్పినా, రంధ్రానికి ఎదురు రావలసిన ద్వారం అక్కడ ఉండదు. మామూలు ఒంటిదారి గొట్టం కూడా నిరపాయం కాదు. దాని చుట్టూ గాలితో ఉబ్బే కఫ్ ఆ ద్వారాన్ని మూసివేయవచ్చు. అవయవాలు కుడి ఎడమలు తారుమారైన వారిలో పొడవైన శ్వాసనాళం కుడివైపు ఉంటుంది కాబట్టి ఎంపిక లెక్కే తిరగబడుతుంది. ఒక సిర మడతవల్ల కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఏర్పడే అజైగస్ తమ్మె మాత్రం సాధారణంగా గాలిదారిని మార్చదు. దాని బెడద గొట్టంకంటే శస్త్రవైద్యునికే ఎక్కువ.

కాబట్టి ఈ గొట్టం ప్యాకెట్ విప్పకముందే దీని యోగ్యత తేలాలి. సీటీ స్కాన్‌ను పొరపొరగా చూస్తే చీలిక ఎక్కడుందో, శాఖ ఎక్కడ పుట్టిందో, శ్వాసనాళం ఎంత వెడల్పుందో తెలుస్తుంది. 35, 37, 39, 41 ఫ్రెంచ్ సైజుల్లో ఏది సరిపోతుందో ఆ వెడల్పే సూచిస్తుంది. గొట్టం దించాక బ్రాంకోస్కోపుతో చూసి స్థానం నిర్ధారించుకున్నా, స్కాన్ ముందే చదివిన వైద్యునికే అక్కడ కనిపిస్తున్నది ఏ శాఖో వెంటనే అర్థమవుతుంది. గొట్టం వంపూ రంధ్రమూ ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతాయి గనుక, రోగి నిర్మాణానికి తగ్గట్టు మారగలిగేది మత్తు వైద్యుని ప్రణాళిక ఒక్కటే.