‘తగు పత్రములు’: సటీకా తాత్పర్యము

మూలము (విమానాశ్రయపు తనిఖీ పలక మీది వాక్యం): ఔషధములు తగు పత్రములతో మాత్రమే అనుమతింపబడును.

టీక: ఔషధములు, పత్రములు, అనుమతింపబడును — ఇవి సుబోధములు గనుక విడువబడినవి. ‘తగు’ మాత్రం మహాగహనము. శిడ్లఘట్ట నుంచి విమానమెక్కబోయిన మధుమేహి చేతిలో డాక్టరు చీటీ ఉన్నది. చీటీలో వెంకటరవణప్ప, టికెట్టులో వెంకటరమణప్ప. వ-మ లకు భేదం లేదని మా వైపు పసిపిల్లలకూ తెలుసు. తనిఖీ బల్ల దగ్గర తెలియదు. ఇది తగునా? మూలకారుడు పలుకడు.

విశేషము: తనిఖీలో చెప్పులు విప్పించుట ఎందుకని శంక. ఇది సుశ్రుతసమ్మతము. ధనమూ బంధువులూ లేని ప్రమేహరోగిని చెప్పులు, గొడుగు లేకుండా, భిక్ష తింటూ, ఊరికొక్క రాత్రి ఉంటూ, నూరు యోజనాలు నడవమని సుశ్రుతసంహిత చికిత్సాస్థానంలో ఉన్నది. నడవనివాడు పొలం దున్నవచ్చు, బావి తవ్వవచ్చు. ఈ బావి విషయం మా చిక్కబళ్ళాపురం జిల్లాలో ప్రత్యేకంగా విచార్యము. వెయ్యి అడుగుల బోరుకే నీళ్ళు పడని నేలలో పలుగూ పారా పట్టినవాడికి చికిత్స ఎన్నటికీ పూర్తికాదు. రోగం తగ్గినా తవ్వుతూనే ఉండాలి. సుశ్రుతుడు మా తాలూకా చూసి ఉంటే యోజనాలతో సరిపెట్టేవాడు.

అయితే అదే చోట కృశించిన రోగిని ఎల్లవేళలా కాపాడుకోవాలనీ ఉన్నది. వ్యాఖ్యాత ఇక్కడ నవ్వు మానుతున్నాడు. నరాలు మొద్దుబారిన పాదానికి గచ్చుమీది పిన్ను గుచ్చుకున్నా తెలియదు. ఇక, విమానం లోపల చోటు లేదంటూ, మందున్న చేతిసంచి లాక్కుని అడుగున సామాన్ల అరలో వేస్తారు. ఇన్సులిన్ తెరవకముందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఆ అరలో చలికి ఒకసారి గడ్డకడితే, కరిగాక కూడా పనికిరాదు. పట్టుపురుగులను పెంచే మనెలో వేడి కాస్త మారినా గూడు చెడుతుందని ఎరిగిన మా పట్టురైతుకు ఇది విప్పి చెప్పనక్కరలేదు. చెప్పవలసింది సంచి లాక్కునేవారికి. ఇన్సులిన్ పెన్నులో మందు 3 మిల్లీలీటర్లు. ద్రవాలకు హద్దు ఉన్నచోట కూడా అది సాధారణంగా 100. దానికింత పంచాయితీ!

తాత్పర్యము: ఇన్సులిన్, సూదులు, షుగర్ పడిపోతే తినడానికి ఏదైనా తీపి — చేతిసంచి సామాన్ల అరలోకి పోయినా సరే, ఇవి మీ ఒళ్ళోనే ఉండాలి. చీటీలో, టికెట్టులో పేరు ఒకే అక్షరాలతో రాయించుకోండి. అధికారులారా, తగు పత్రమంటే ఏ కాగితమో గోడమీద పేరుపెట్టి రాయించండి, కన్నడంలోనూ తెలుగులోనూ.