డెక్కుకు గోత్రం చెప్పే శాస్త్రిగారు

హార్త్‌స్టోన్ అనే కార్డుల వీడియోగేమ్ ఆడే ప్రతి మిత్రబృందంలోనూ ఒక శాస్త్రిగారు ఉంటాడు. అసలు పేరు ఎవరికీ గుర్తుండదు. "శాస్త్రిగారూ, ఈ డెక్ ఎలా ఉందంటారు?" అని ఫోన్ చూపిస్తే బాగుందనడు, బాగాలేదనడు. ముందు గోత్రం అడుగుతాడు. "అగ్రోనా, కంట్రోలా, కాంబోనా?" అంటే తొందరగా మీద పడేదా, కాచుకుని నిలబడేదా, కొన్ని కార్డులు కలిపి ఒక్కసారిగా కొట్టేదా అని. ఏదో బొమ్మలు నచ్చి పెట్టుకున్నామండీ అన్నామో, ఓ గంట గోవిందా.

డెక్‌కు 30 కార్డులు, ఒకే కార్డు రెండుకు మించరాదు, లెజెండరీ అయితే ఒక్కటే. మూడోది పెట్టబోతే గేమే పెట్టనివ్వదు. అయినా ఆయన చెప్పి తీరాలి. డెక్‌లో జంట కార్డులు లేకపోతే హీరో ప్రాణాన్ని మళ్లీ నిండుగా నింపేసే రీనో జాక్సన్ అనే కార్డు 2015లో వచ్చింది. 2018లో బేసి మానా ఖరీదు కార్డులే ఉండాలని బాకు, సరి ఖరీదువే ఉండాలని గెన్ అనే కార్డులు షరతు పెట్టాయి. అవన్నీ ఆయనకు పండగ రోజులు. 2022లో ప్రిన్స్ రెనథాల్ వచ్చి, నన్ను పెట్టుకుంటే 40 కార్డులు అన్నప్పుడు మాత్రం మనిషి కొన్నాళ్లు అన్నం సరిగ్గా తినలేదు.

టెంపోకూ మిడ్‌రేంజ్‌కూ తేడా అడగడం మాత్రం మహాపాపం. అదీ ఆయన ఆడుతుండగా. "ఎదుటివాడు అగ్రో అయితే కంట్రోల్‌లా కాచుకోవాలి, వాడు కంట్రోలయితే మనమే మీద పడాలి, అదీ మిడ్‌రేంజ్. ఒక్క మానా వృథా కాకుండా, బోర్డు మీద పైచేయి వదలకుండా ఆడేది టెంపో. అయితే ఇక్కడో ధర్మసూక్ష్మం ఉంది..." స్క్రీన్ మధ్యలో తాడు అంటుకుంటుంది, టైమైపోతోందని. నిప్పు ఈ చివర్నుంచి ఆ చివరికి పాకుతుంది. ధర్మసూక్ష్మం పూర్తయ్యేసరికి టర్నూ పోతుంది, పది మానా చెక్కు చెదరకుండా మిగులుతుంది.

ఓడితే బాధపడడు. ఓడించిన డెక్ ఏ జాతిదో తేలకపోతేనే నిద్ర పట్టదు. ఈ ఆటలో ఎదుటివాడితో చాట్ చేయలేం, "నమస్కారం", "బాగా ఆడావు" లాంటి రెడీమేడ్ పలకరింపులే. అందుకని వాడికి ఫ్రెండ్ రిక్వెస్టు పంపుతాడు. ఓడినవాడు రిక్వెస్టు పెట్టాడంటే తిట్టడానికేనని లోకానికి తెలుసు గనక ఎవరూ ఒప్పుకోరు. మొన్నొకడు ధైర్యం చేశాడు. "తమరిది టెంపోనా, మిడ్‌రేంజా?" అని ఈయన వినయంగా అడిగాడు. వాడు "గెలిచాగా" అని ఒక్క ముక్క కొట్టి అన్‌ఫ్రెండ్ చేసేశాడు.

శాస్త్రిగారు మొహం విప్పార్చుకుని మావైపు తిరిగాడు. "తొందర చూశారా? అగ్రోవాడే!"