మా రోజుల్లో మమ్మల్ని అరవమని ఎవరూ చెప్పలేదు

మా ఊరి యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ ఎరీనాకి కొత్త వీడియో బోర్డులు వస్తున్నాయి. కోర్టు నడినెత్తిన నాలుగు ముఖాల పెద్ద బోర్డు ఒకటి, నాలుగు మూలలా నాలుగు, పై అంతస్తు అంచు వెంబడి చుట్టూ తిరిగే సన్నటి పట్టీ ఒకటి. సీజన్ టికెట్లు కొనే మాలాంటి వాళ్ళందరికీ ఉత్తరాలు పంపారు, ‘మీ అనుభవాన్ని మెరుగుపరుస్తున్నాం’ అని. ఊరి పేరు రాయను. ఈ జబ్బు ఒక్క ఊరికి పట్టింది కాదు. అమెరికాలో పెద్ద కాలేజీలకి ఎప్పుడో పట్టింది, మా ఊరికి కాస్త ఆలస్యంగా వచ్చింది.

నలభై ఏళ్ళుగా కాలేజీ బాస్కెట్‌బాల్ చూస్తున్నవాణ్ణి. నేను చెప్పేది ఒక్కటే: ఆ హాల్లో అరుపు ఆటలోంచి పుట్టాలి. కోర్టులో ఏదో జరగాలి, జనం దాన్ని కళ్ళారా చూడాలి, చూసినవాడి గొంతు తనంతట తాను లేవాలి. బోర్డులు వచ్చాక అంతా తలకిందులైంది. ముందు బోర్డు చెబుతుంది, తర్వాత జనం అరుస్తారు. బోర్డు ఆపేస్తే వాళ్ళూ ఆపేస్తారు.

నేను 1984లో ఎం.ఎస్. చదవడానికి కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ వచ్చాను. కాకినాడ ఇంజినీరింగ్ కాలేజీలో సిమెంటు కోర్టు మీద ఆడిన ఆట తప్ప బాస్కెట్‌బాల్ గురించి నాకేమీ తెలియదు. అక్కడ స్కోరు నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసేవాళ్ళం. వచ్చి పడ్డదేమో ఈ ఆటకి పుట్టిల్లు లాంటి చోటు. 1891లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పీచ్ పళ్ళ బుట్టలు జిమ్ బాల్కనీకి కొట్టి ఈ ఆట మొదలుపెట్టిన జేమ్స్ నైస్మిత్, 1898లో లారెన్స్ వచ్చి కాన్సస్ జట్టుకి మొదటి కోచ్ అయ్యాడు. హాలు పక్కనున్న రోడ్డు నైస్మిత్ డ్రైవ్. హాలు పేరు ఎలెన్ ఫీల్డ్‌హౌస్, నైస్మిత్ దగ్గర ఆట నేర్చుకున్న ఫారెస్ట్ ఎలెన్ పేరు మీద. ఆయన గొంతు పొగమంచులో ఓడలని హెచ్చరించే బూరలా మోగేదట, అందుకే ఆయనకి ‘ఫాగ్’ అన్న ముద్దుపేరు. 1955 మార్చి 1న ఆ హాలు తెరిచారు. అప్పట్లో దాదాపు 17,000 మంది పట్టేవారు. మరుసటి ఏడాది డిసెంబరులో విల్ట్ చాంబర్లిన్ తన మొదటి వర్సిటీ మ్యాచ్‌లోనే 52 పాయింట్లు కొట్టింది అక్కడే.

మా రోజుల్లో అక్కడ స్కోరుబోర్డంటే అంకెలే. ఎవరికెంత, ఎంత టైముంది, ఎన్ని ఫౌళ్ళు. బొమ్మల్లేవు. ఒక బాస్కెట్ పడిందంటే చూసినవాడు చూశాడు, చూడనివాడు పక్కవాణ్ణి అడిగి తెలుసుకున్నాడు. మళ్ళీ చూపించేవాళ్ళు లేరు. అందుకని మ్యాచ్ నడుస్తున్నంతసేపూ ఎవరూ కోర్టు మీంచి కళ్ళు తిప్పేవారు కాదు.

చదువైపోయాక కాన్సస్ సిటీలో ఉద్యోగం దొరికింది. మ్యాచ్‌లకి కారేసుకుని లారెన్స్ వచ్చేవాణ్ణి. విద్యార్థుల గ్యాలరీ పోయి డబ్బులిచ్చి కొనుక్కునే సీటు వచ్చింది. నా పక్కన గోధుమ రైతు ఒకాయన కూర్చునేవాడు, డెబ్బై దాటినవాడు. ఒళ్ళో ఒక ఖాతా పుస్తకం, చేతిలో పొట్టి పెన్సిలు. పేజీకి ఎడమవైపు మనవాళ్ళ నంబర్లు, కుడివైపు వాళ్ళ నంబర్లు. బాస్కెట్‌కి నిలువు గీత, ఫౌలుకి ఏటవాలు గీత, ఫ్రీ త్రో పడితే నిండు చుక్క, తప్పితే సున్నా. పెన్సిలు కదులుతుండేది గానీ తల వంచేవాడు కాదు. చేతికి ఆ కాగితం అలవాటైపోయింది. ‘మ్యానింగ్‌కి మూడో ఫౌలు’ అని బోర్డు మీద అంకె మారకముందే చెప్పేసేవాడు.

మొదటి రోజే నన్ను పట్టుకుని, ‘బంతిని చూడకు నాయనా, బంతి ఎలాగూ కనపడుతుంది. బంతి లేనివాళ్ళ కాళ్ళు చూడు’ అన్నాడు. అది నేర్చుకోవడానికి నాకు ఒక సీజన్ పట్టింది. మా జట్టు ఆటగాడు డానీ మ్యానింగ్ ఆరడుగుల పది అంగుళాల మనిషి. వెనకున్న డిఫెండర్‌ని నడుముతో అడ్డుకుని, పాదం ఒకటి జరిపి, చెయ్యి చాచేవాడు. బంతి అప్పటికింకా అవతలి మూల ఉండేది. ఆ పాదం జరగడం చూసినవాళ్ళు అక్కడే లేచి నిలబడేవాళ్ళు. వాళ్ళని చూసి పక్కవాళ్ళు, వాళ్ళ వెనకవాళ్ళు. పాస్ మ్యానింగ్ చేతికి అందేసరికి సగం హాలు లేచి ఉండేది, బంతి బుట్టలో పడేసరికి కప్పు అదిరేది. ఆ అరుపు తెలిసినవాళ్ళ దగ్గర పుట్టి తెలియనివాళ్ళకి పాకేది. నాలాంటి పరాయి దేశపు కుర్రాడికి ఆట నేర్పింది ఆ అరుపే. ఎక్కడ మొదలైందో అటు చూస్తే చాలు, కోర్టులో ఏం జరగబోతోందో తెలిసిపోయేది.

1984 ఫిబ్రవరి నుంచి 1988 జనవరి దాకా ఆ హాల్లో కాన్సస్ వరసగా 55 మ్యాచ్‌లు గెలిచింది. పక్క ఊరి బద్ధశత్రువు కాన్సస్ స్టేట్ వచ్చి ఆ వరస తెంపింది. తర్వాతి నెలలో డ్యూక్ జట్టు వస్తోందని విద్యార్థులు కొందరు హాస్టల్ స్నానాల గదుల కర్టెన్లు తెచ్చి, వాటి మీద పెద్ద అక్షరాలు రాసి, ఉత్తరపు గోడకి పైన వేలాడదీశారు. లోపలికి అడుగుపెట్టేవాళ్ళంతా ఫాగ్‌తో జాగ్రత్తగా ఉండాలని దాని హెచ్చరిక. ఆ రోజు ఓవర్‌టైంలో ఓడిపోయాం. అయినా బ్యానర్ దించలేదు. ఏప్రిల్ మొదట్లో అదే డ్యూక్‌ని సెమీఫైనల్లో ఓడించి, ఆఖరి మ్యాచ్‌లో ఓక్లహోమా మీద 83-79తో నెగ్గి జాతీయ చాంపియన్లయ్యాం. మ్యానింగ్‌వి 31 పాయింట్లు, 18 రీబౌండ్లు. కర్టెన్ల మీద రాసిన ఆ బ్యానర్ చాలా ఏళ్ళు ఉండి పాతబడితే, అదే మాటలతో కొత్తది కట్టారు. ఇప్పటికీ ఉంది. దానికి కరెంటు అక్కర్లేదు, స్పాన్సర్ అక్కర్లేదు. పిల్లలు రాత్రంతా కూర్చుని చేతులతో రాశారు కాబట్టి అది పిల్లలదైంది.

అవతలి జట్టు ఆటగాళ్ళ పేర్లు చదువుతుంటే విద్యార్థులు కాలేజీ పత్రిక ముఖానికి అడ్డం పెట్టుకుని చదువుతున్నట్టు కూర్చునేవాళ్ళు. మనవాళ్ళ పేర్లు రాగానే ఆ కాగితాలు చింపి పైకి ఎగరేసేవాళ్ళు. గెలుపు ఖాయమయ్యాక ‘రాక్ చాక్’ నినాదం మెల్లగా, సాగదీసి, ఏదో గుళ్ళో మంత్రం చదువుతున్నట్టు మొదలయ్యేది. 1880లలో ఒక కెమిస్ట్రీ ప్రొఫెసరు సైన్సు క్లబ్బు కోసం కట్టిన నినాదం అది. హాల్లో ఏ మూల మొదలయ్యేదో ఎవరికీ తెలిసేది కాదు. తెర మీద అక్షరాలు వేస్తే పుట్టే సంగతులు కావివి.

ఇక ఇప్పటి మాట. పోయిన సీజన్లో మనవణ్ణి తీసుకుని ఇంకో కాలేజీ ఎరీనాకి వెళ్ళాను, అక్కడ బోర్డులు అప్పటికే పెట్టేశారు. కోర్టుకి పన్నెండో వరసలో సీట్లు, మంచి ధరే పెట్టాను. రెండో సగంలో మా ముందే గార్డు ఒకడు అవతలివాడి పాస్ కనిపెట్టి, రెండడుగులు ముందుకేసి, వేళ్ళ కొసలతో బంతి లాక్కున్నాడు. అంత దగ్గర నుంచి అంత మంచి స్టీల్ చాన్నాళ్ళకి చూశాను. పక్కకి తిరిగి చూస్తే మనవడి తల పైకెత్తి ఉంది. వాడొక్కడే కాదు, మా వరసంతా పైకే చూస్తోంది. ముప్ఫై అడుగుల దూరంలో మనిషి పరిగెడుతుంటే అతని బొమ్మని చూస్తున్నారు. ‘చూశావురా?’ అంటే, ‘రీప్లే వేస్తారులే తాతయ్యా’ అన్నాడు. వెయ్యలేదు. టైమవుట్ వచ్చింది, ట్రక్కుల కంపెనీ ప్రకటన వేశారు.

టీవీలో వచ్చే మగపిల్లల కాలేజీ మ్యాచ్‌లో ఒక్కో సగంలో నాలుగు సార్లు, గడియారం పదహారు, పన్నెండు, ఎనిమిది, నాలుగు నిమిషాల కిందికి వచ్చాక బంతి ఆగగానే ఆట ఆపుతారు. కోచ్‌లు అడిగే టైమవుట్లు వేరే. ఒకప్పుడు ఆ విరామాలు కాలేజీ బ్యాండ్‌వి. ట్రంపెట్లు, డ్రమ్ములు, బుగ్గలు పూరించి ఊదే పంతొమ్మిదేళ్ళ పిల్లలు. ఇప్పుడు ఆ పిల్లలు వాయిద్యాలు ఒళ్ళో పెట్టుకుని స్పీకర్లలో వచ్చే రికార్డు పాట వింటూ కూర్చుంటున్నారు. వారానికి ఇన్ని గంటలు సాధన చేసి వచ్చినవాళ్ళని అలా కూర్చోబెట్టడం నాకు కష్టంగా ఉంటుంది. ముద్దు పెట్టుకొమ్మని జంటల మీద కెమెరా తిప్పడానికి టైముంటుంది, ఈ బ్యాండ్ పిల్లలచేత ఒక పాట వాయింపించడానికి ఉండదు.

శబ్దం మీటరు అని ఇంకోటి. బోర్డు మీద ముల్లు ఎర్ర గీత దాకా లేస్తూ ఉంటుంది, జనం అరుస్తుంటారు. చాలాచోట్ల దానికి మైకే ఉండదు, ముందే తయారుచేసి పెట్టిన బొమ్మ. ఊపిరి బిగబట్టి అరిచిన చిన్నపిల్లలని అలా నమ్మించడం నాకు నచ్చదు.

నేను ఎలక్ట్రికల్ ఇంజినీర్ని, తెరల మీద నాకు పగలేదు. 1980లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్ స్టేడియంలో మిత్సుబిషి వాళ్ళు మొదటి పెద్ద రంగుల వీడియో తెర పెట్టారు. ఆ రోజుల్లో అందులో వాడింది పిక్చర్ ట్యూబులు. ఎరుపు, ఆకుపచ్చ ఎల్ఈడీలు ఎప్పటి నుంచో ఉన్నా, కాంతి చాలినంత ఉన్న నీలం లేక పూర్తి రంగుల ఎల్ఈడీ తెర కుదరలేదు. 1993లో జపాన్‌లోని నిచియా కంపెనీలో షుజీ నకమురా అది సాధించాడు. 2014లో అకసాకి, అమానోలతో కలిపి ఆయనకి నోబెల్ ఇచ్చారు. ఈ దేశంలో ఇలాంటి బోర్డులు చేసే డాక్ట్రానిక్స్‌ని సౌత్ డకోటాలో ఇద్దరు ఎలక్ట్రికల్ ప్రొఫెసర్లు 1968లో మొదలుపెట్టారు, మొదట శాసనసభల్లో ఓట్లు చూపించే బోర్డులు చేశారు. ఆ పనితనానికి నేను దణ్ణం పెడతాను. నా తగువు దాని మీద ఏం వేస్తున్నారు, ఎప్పుడు వేస్తున్నారు అన్నదాని మీద.

డబ్బు సంగతీ తెలుసు. 2025 జులై నుంచి కాలేజీలు ఆటగాళ్ళకి నేరుగా డబ్బివ్వచ్చు, మొదటి ఏడాది పరిమితి కాలేజీకి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. పిల్లలకి ఇవ్వాల్సిందే, ఇన్నాళ్ళూ వాళ్ళ చెమట మీద అందరూ బాగుపడ్డారు. ఆ డబ్బు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి, బోర్డు మీద ప్రకటనలు అమ్ముకుంటే వస్తుంది. ఇంట్లో పెద్ద టీవీలున్నాయి, జనాన్ని సోఫాలోంచి లేపాలంటే హాల్లో ఇంకా పెద్ద టీవీ ఉండాలని ఇంకో వాదన. ఇది నాకు ఎక్కదు. టీవీ కావలసినవాడు ఇంట్లోనే ఉంటాడు. టికెట్ కొని, మంచులో కారు నడుపుకుని వచ్చినవాడు టీవీలో లేనిదేదో కావాలనే వస్తాడు.

మన పెళ్ళిళ్ళలోనూ ఇదే చూస్తున్నాను. వేదిక ముందు వీడియోవాళ్ళు గోడలా నిలబడతారు, పక్కన పెద్ద ఎల్ఈడీ తెర పెడతారు. విమానమెక్కి అంత దూరం వెళ్ళిన పెద్దవాళ్ళు జీలకర్ర బెల్లం, తలంబ్రాలు ఆ తెరలో చూసి అక్షింతలు విసురుతున్నారు.

ఎలెన్ ఫీల్డ్‌హౌస్‌లోనూ వీడియో బోర్డు ఉంది కదా అని కుర్రవాళ్ళు నన్ను అడుగుతారు. ఉంది, ఈ శతాబ్దం మొదటి దశకంలోనే వచ్చింది. అయినా 2017 ఫిబ్రవరి 13న ఆ హాల్లో 130.4 డెసిబెల్స్ కొలిచి గిన్నిస్ వాళ్ళు రికార్డు ఇచ్చారు. అది నిజమైన మీటరు. అదే రాత్రి వెస్ట్ వర్జీనియా మీద మూడు నిమిషాల లోపు టైముండగా 14 పాయింట్లు వెనకబడి, ఓవర్‌టైంలో 84-80తో గెలిచారు. ఆ మూడు నిమిషాలు అరవమని ఎవరు చెప్పాలి? అక్కడ తాతల నుంచి మనవల దాకా వచ్చిన అలవాటుంది, బోర్డు దాన్ని మింగలేకపోయింది. మా ఊళ్ళో ఆ అలవాటు ఇంకా లేతది. కొత్తగా వచ్చే పిల్లలకి కోర్టు వైపు చూడటం నేర్పకముందే పైకి చూడటం నేర్పితే ఇక రాదు.

ఉత్తరంతో పాటు సలహాల కాగితం ఒకటి జతచేశారు. దాంట్లో రాశాను. బంతి ఆటలో ఉన్నంతసేపూ స్కోరు, టైము, ఎవరికెన్ని ఫౌళ్ళు, ఎన్ని టైమవుట్లు మిగిలాయి, ఇవే ఉంచండి. ఇవి మా పాత బోర్డు కన్నా ఎంతో బాగా చూపించగలరు, చూపించండి. రీప్లే ఆట ఆగినప్పుడు వెయ్యండి, రెండు జట్లదీ వెయ్యండి. అరవమని రాయకండి. ప్రతి సగంలో రెండు టైమవుట్లయినా బ్యాండ్‌కి వదలండి, ప్రకటనలు మిగతావాటిలో అమ్ముకోండి. మా ఆవిడ చూసి కాగితం వెనకవైపు కూడా నింపేశారే అంది. రెండువైపులా సరిపోక ఇంకో కాగితం పిన్ను కొట్టి స్వయంగా వెళ్ళి టికెట్ ఆఫీసులో ఇచ్చాను. నవంబరులో సీజన్ మొదలవుతుంది. అప్పటికి జవాబు రాకపోతే మళ్ళీ వెళ్ళి అడుగుతాను.