కాపలా

నాయినకు షుగర్ ఉందని తేలిన రోజు మా ఇంట్లో మొదటి శిక్ష చక్కెర డబ్బాకు పడింది. మిర్యాలగూడ నుంచి వచ్చి గరిడేపల్లిలో బస్సు దిగిన అమ్మ, కాళ్లయినా కడుక్కోకుండా వంటింట్లోకి పోయి, డబ్బాను బియ్యం డ్రమ్ములో అడుగుదాకా పాతిపెట్టింది. డాక్టరు చీటీ మీద పరగడుపున 286, మూడు నెలల సగటు 9.8 అని ఉంది. ఆ అంకెలు అమ్మ బుర్రకెక్కలేదు. బస్సులో పక్కన కూర్చున్నామె "మా మరిదికి ఇట్లనే మొదలై కాలివేలు తీసేసిన్రు" అన్న మాట మాత్రం నాటుకుంది.

నాయినకు తీపంటే ప్రాణం. సాగర్ ఎడమ కాలువ కింద మూడెకరాల వరి ఆయనది. పొలానికి పోయేముందు ఒక చాయ, వచ్చాక ఒకటి, సెంటర్లో హోటలు దగ్గర మూడు. చాయకు రెండు చెంచాల లెక్కన రోజుకు పది. పైనుంచి కలుపుకునే చక్కెర 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పిందని హైదరాబాదు నుంచి ఫోన్లో చదివి వినిపించాను. "ఆ సంస్థోళ్లు ఎన్నడన్న నాటేసిన్రా?" అన్నాడు. ఆ మర్నాటి నుంచి బెల్లం చాయకు మళ్లాడు. బెల్లం మందట! అందులో ఉన్నదీ ముప్పాతిక వంతు ఆ చక్కెరేనని డాక్టరు రెండోసారి కోప్పడితే గానీ దిగిరాలేదు.

అన్నం సంగతి ఇంకా చేదు. పండించేవాణ్నే అన్నం తగ్గించుకోమంటే ఎట్లా? రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో ఇచ్చిన తెలంగాణ సోనా, అదే ఆర్ఎన్ఆర్ 15048, మిగతా సన్నాల కన్నా నెమ్మదిగా షుగర్ పెంచుతుందని పేరు. దాని గ్లైసీమిక్ ఇండెక్స్ 51 చిల్లర. జనం నోట అది షుగర్ ఫ్రీ బియ్యమైపోయింది. ఆ పేరు విని నాయిన ధైర్యంగా మూడోసారి కంచం చాపాడు. అమ్మ గరిటె గిన్నెలోనే ఆగింది.

నేనొక షుగర్ మిషను కొనిచ్చాను. దాని కాగితం నాయినకు మొత్తం చదివి చెప్పాను: చేతులు సబ్బుతో కడుక్కోవాలి, వేలికి తీపి అంటి ఉంటే తప్పు చూపిస్తుంది. స్ట్రిప్పుల డబ్బా మూత తీశాక మూడు నెలల్లో వాడేయాలి. 20 కన్నా తక్కువైతే, 600 కన్నా ఎక్కువైతే అంకె వేయదు, ఇంగ్లీషు అక్షరాలే వేస్తుంది. "ఆరొందలు దాటినంక ఆ అక్షరాలు చదువనీకె మనిషుంటడారా?" అని నాయిన నవ్వాడు.

అయితే ఒక్క మాట. ఆయన గెలిచింది మిషనుతో కాదు, నాలుకతో. ఒక్కసారే మానేస్తే మూడో రోజుకు పిచ్చెక్కుతుందని తనంతట తనే కనిపెట్టి, వారానికి అర చెంచా చొప్పున కోసుకుంటూ వచ్చాడు. మొదట్లో చాయ కషాయంలా ఉందని హోటలాయనతో తగువు. రెండో నెలకు అదే హోటలాయన మరిచిపోయి మామూలు చాయ ఇస్తే, ఒక గుక్క తాగి "ఇదేంది, పాకం పోసినవా?" అని గ్లాసు పక్కన పెట్టాడట. సాయంత్రం నాలుగింటికి మాత్రం యావ పూనకంలా వచ్చేది. "అప్పుడు గుప్పెడు వేయించిన శనగలు, గ్లాసెడు మజ్జిగ. పది నిమిషాలు ఓపిక పట్టు, అదే పోతది" అని ఇప్పుడు ఊళ్లో షుగరున్నవాళ్లందరికీ పాఠం చెబుతున్నాడు.

పగలు సరే. రాత్రుళ్లు? అక్కడ కాపలా అమ్మది.

"దొంగతనానికి పోదామంటే మీ అమ్మ నిద్రపోతే గదా!" అని నాయిన నాతో మొరపెట్టుకునేవాడు. పన్నెండింటికి లేచినా, రెండింటికి లేచినా వంటింటి గడప దగ్గర చెంబు పట్టుకుని నీళ్లు తాగుతూ కనిపించేదట. నాలుగింటికి పెరట్లోంచి వస్తూ ఎదురయ్యేదట. "మిలిట్రీల కూడ ఇంత కాపలుండదు." మేమంతా నవ్వేవాళ్లం. ఏడాదిలో అమ్మ సగమైంది. జాకెట్లు రెండుసార్లు కుట్లు వేయించుకుంది. మొగుడి దిగులు మనిషిని ఎట్లా తింటుందో చూడమని వాకిట్లో ఆడవాళ్లు ఆమెను మెచ్చుకునేవారు.

ఇక పెళ్లిళ్ల నుంచి, పండుగల నుంచి వచ్చే తీపి. లడ్డూ పొట్లం ఇంటికొస్తే నాయిన కంటపడేలోపు మాయమవ్వాలి. పారేయడానికి చేతులు రావు. గడపకు తెచ్చిచ్చినదాన్ని తిప్పి పంపితే మర్యాద కాదు. "నువ్వు చూస్తె ఆగవని నేనే తినేసిన" అనేది అమ్మ, అదేదో మందు మింగినంత త్యాగంగా. మలీద ముద్దలు, అరిసెలు, పోలెలు, అన్నిటికీ ఆమే అడ్డం నిలబడింది. ఇంటింటికీ తిరిగి బీపీ, షుగర్ చూసే ఆశ వర్కరు వస్తే, నాయిన చెయ్యి తనే పట్టుకుని ముందుకు చాపేది. "నీది కూడ ఇయ్యి పెద్దమ్మా" అంటే, "నాకేమైంది, గుండు లెక్కున్న" అని లోపలికి పోయేది.

మొన్న దసరాకు పోయాం. నాయిన పండుగ రోజు పొద్దున్నే పరగడుపున పరీక్ష పెట్టుకున్నాడు. చదివే ఉద్యోగం మా పాపది. ఒకటో తరగతికొచ్చి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం మొదలైనప్పటి నుంచి దానికి బస్సు బోర్డు, సబ్బు కాగితం ఏదీ మిగలడం లేదు. "వన్ జీరో ఎయిట్!" అని అరిచింది. 108. మూడు నెలల సగటు 6.3కు దిగిందని నాయిన రిపోర్టు తెచ్చి చూపించాడు. "ఇందుల సగం మీ అమ్మదిరా" అన్నాడు. నలభై ఏళ్ల కాపురంలో నలుగురి ముందు ఆయన అమ్మను పొగడటం నేను వినడం అదే మొదలు. అమ్మ సిగ్గుపడి కొంగు సర్దుకుంది.

డబ్బాలో ఇంకొక్క స్ట్రిప్పు మిగిలింది. దాని గడువు ఆ వారంతో సరి.

"నాయనమ్మకు పెడదాం" అంది పాప.

"ఇరవై రూపాయల స్ట్రిప్పు నా మీద దండగెందుకు బిడ్డా?" అంది అమ్మ.

"ఎట్లయిన పారేసేదే గదనే. సబ్బుతోటి కడుక్కో, బెల్లం గిట్ల అంటుంటది" అన్నాడు నాయిన, డాక్టరు గొంతుతో.

రెండుసార్లు కడుక్కుని, చీర చెంగుకు తుడుచుకుని, పాప ముచ్చట కోసం వేలు చాపింది. సూది గుచ్చితే "అబ్బ" అని నవ్వింది. మిషను ఐదు నుంచి వెనక్కి లెక్కపెట్టింది. నాలుగు, మూడు, రెండు, ఒకటి.

పాప దాన్ని కళ్ల దగ్గరకు తీసుకుని, హెచ్చు, ఐ, అని రెండక్షరాలూ కూడబలుక్కుని ఎగిరి గంతేసింది.

"తాతకేమో ఒట్టి నంబర్లే! నాయనమ్మకైతే హాయ్ చెప్పింది!"

అమ్మ మురిసిపోయి, దూది అదుముకున్న వేలితోనే మిషను వైపు చెయ్యి ఊపింది.